గురి మనదే, మైదానం ఎవరిది?



మన పిల్లల్లో ఎవరైనా "ఆర్చరీ నేర్చుకుంటా", "ఎయిర్ రైఫిల్ రేంజ్‌లో చేరతా" అంటే రెండు మాటలు వినబడతాయి. ఒకటి: "అది డబ్బున్నోళ్ల సరదా, మనకెందుకు?" రెండోది: "ఆదివాసీ బిడ్డవి, గురి నీ రక్తంలోనే ఉంది, కొత్తగా నేర్చుకునేదేముంది?" మొదటి మాట మనల్ని గేటు బయటే నిలబెడుతుంది. రెండోది పొగడ్తలా వినిపిస్తుంది గానీ, పని మాత్రం అదే చేస్తుంది. చరిత్ర తిరగేస్తే ఈ రెండూ నిలబడవు.

ముందు "సరదా" సంగతి చూద్దాం. గురి చూసి కొట్టడం ఆదివాసులకు తిండి కోసమే, ఆట కోసం కాదు అనుకోవడం పొరపాటు. సంతాల్ ఊళ్లలో సక్రాత్ పండగకి "బేజా తుంజ్" జరుగుతుంది. అరటి బోదె లాంటిది దూరంగా పాతిపెట్టి ఊరి మగవాళ్లంతా వరసగా బాణాలు వేస్తారు. కొట్టినవాణ్ణి భుజాల మీద ఎత్తుకుని ఊరేగిస్తారు. మేఘాలయలో ఖాసీ విలుకాళ్లు గడ్డి కట్ట మీదికి బాణాలు వేస్తారు, ఎన్ని దిగాయో లెక్కపెడతారు. ఆ లెక్క మీద పందేలు కూడా పుట్టాయి. 1982లో అక్కడి ప్రభుత్వం ఆ పందేలను చట్టంలోకి తెచ్చి పన్ను వేసింది. పందెం సంగతి పక్కన పెడితే, కాగితం టార్గెట్ మన దాకా రాకముందే గడ్డి టార్గెట్ మన దగ్గర ఉంది. విశాఖ మన్యంలో ఇటుకల పండగకి మగవాళ్లు కలిసి వేటకి పోవడం కూడా కడుపు కోసం మాత్రమే కాదు, అది ఊరి సంబరం.

మరి ఇది "డబ్బున్నోళ్ల ఆట" ఎప్పుడైంది? దీనికి జవాబు చట్టాల్లో ఉంది.

1878లో బ్రిటిష్‌వాళ్లు ఆయుధాల చట్టం తెచ్చారు. అందులో "ఆయుధాలు" అంటే ఏమిటో చెప్పే జాబితాలో తుపాకులు, కత్తులు, బల్లేలతో పాటు విల్లు, బాణం కూడా ఉన్నాయి. యూరోపియన్లకి లైసెన్స్ నుంచి మినహాయింపు ఇచ్చారు. నాలుగేళ్లకే, 1882లో, మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడుకీ అడవి వాడకానికీ అడ్డు పడింది. అంటే చేతిలో ఉన్నదాని మీద ఒక చట్టం, కాలు పెట్టే నేల మీద ఇంకో చట్టం.

అదే కాలంలో రాజులు, దొరలు, జమీందార్లు షికారుకి వచ్చేవారు. వాళ్లు మంచె మీదో ఏనుగు మీదో కూర్చునేవారు. కింద డప్పులు కొట్టి, కేకలు వేసి జంతువుల్ని తుపాకీ ముందుకి తోలే పని అడవి ఊళ్ల జనానిది. జాడ చెప్పింది మనోళ్లు, పులికి ఎదురు నడిచింది మనోళ్లు. చచ్చిన పులి మీద కాలు పెట్టి ఫొటో దిగింది మాత్రం ఇంకొకరు.

1922 ఆగస్టులో రంప పోరాటం ఎలా మొదలైందో గుర్తు చేసుకోండి. 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్లు. అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, గాం మల్లుదొర దళం అక్కడ తీసుకున్నది 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు. ఏమేం తీసుకున్నారో స్టేషన్ పుస్తకంలోనే రాసి, రాజు సంతకం పెట్టాడని చెప్తారు. తుపాకీ ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్నకి మన్యం ఇచ్చిన జవాబు అది.

స్వాతంత్ర్యం వచ్చాక షూటింగ్ ఆటగా సంఘం కట్టింది. 1951లో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఏర్పడింది. లోక్‌సభ తొలి స్పీకర్ మావలంకర్ దానికి మొదటి అధ్యక్షుడు. తొలి రోజుల్లో ఈ ఆటలో పెద్ద పేరు బికనీర్ మహారాజు కర్ణీ సింగ్‌ది. ఆయన 1962లో ప్రపంచ పోటీలో రజతం గెలిచాడు, ఐదు ఒలింపిక్స్‌లో పాల్గొన్నాడు. ఆయన గురిని తక్కువ చేయట్లేదు. కానీ తుపాకీ, తూటా, రేంజ్, తీరిక, ఇవన్నీ పుట్టుకతోనే అందుబాటులో ఉన్నవాళ్ల దగ్గరే ఆట మొదలైంది. మన దగ్గర సరిగ్గా అవే లేవు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. వేట ఆగడం అడవికి అవసరమే. కానీ వేట ఆగిన చోట గురికి వేరే మైదానం ఎవరూ చూపించలేదు.

విచిత్రం ఏంటంటే, అదే 1972లో మ్యూనిక్ ఒలింపిక్స్‌తో ఆర్చరీ చాలా ఏళ్ల తర్వాత మళ్లీ ఒలింపిక్స్‌లోకి వచ్చింది. మరుసటి ఏడాది మన దేశంలో ఆర్చరీ సంఘం పుట్టింది. ఆ తర్వాత స్పోర్ట్స్ అథారిటీ "స్పెషల్ ఏరియా గేమ్స్" పేరుతో ఆదివాసీ ప్రాంతాల్లో పిల్లల్ని వెతికింది. 1987లో రాజస్థాన్ ఉదయ్‌పూర్ జిల్లా నుంచి లింబా రామ్ అలాగే దొరికాడు. వెదురు విల్లుతో పెరిగిన పిల్లవాడు. ఢిల్లీ తీసుకెళ్లి శిక్షణ ఇచ్చారు. 1988లో భారత్ మొదటిసారి ఒలింపిక్ ఆర్చరీలో దిగినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. 1992 బీజింగ్ ఆసియా పోటీలో 30 మీటర్ల విభాగంలో 360కి 358 కొట్టి ప్రపంచ రికార్డును సమం చేశాడు. 2012లో పద్మశ్రీ వచ్చింది.

దీన్ని "రక్తంలో ఉంది" అని చెప్పేస్తే కథ సగమే చెప్పినట్టు. ఆ రక్తం 1987కి ముందు కూడా ఉంది కదా? మరి ఒలింపిక్స్‌కి ఎందుకు పోలేదు? కొత్తగా వచ్చినవి మంచి విల్లు, కోచ్, మైదానం, రోజూ కొన్ని గంటలు. ఒలింపిక్ ఆర్చరీలో 70 మీటర్ల దూరంలో 122 సెంటీమీటర్ల టార్గెట్, దాంట్లో 10 పాయింట్ల వలయం 12.2 సెంటీమీటర్లు. పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. అక్కడ కొట్టాలంటే వేల సార్లు అదే నిలబాటు, అదే ఊపిరి, అదే వదలడం. "నీకు పుట్టుకతోనే వచ్చు" అన్నవాడు మనకి కోచ్‌ని ఇవ్వక్కర్లేదు అనుకుంటాడు. అందుకే ఆ పొగడ్త ప్రమాదం.

ఏకలవ్యుడి కథ కూడా ఇదే చెప్తుంది. అతనికి గురి పుట్టుకతో రాలేదు, మట్టి బొమ్మ ముందు ఒంటరిగా సాధన చేసి తెచ్చుకున్నాడు. ద్రోణుడు తీసుకున్నది బొటనవేలే గానీ సాధనని కాదు. ఇవాళ ఒలింపిక్ విలుకాడు నారిని లాగేది చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలితో. బొటనవేలు నారిని తాకదు!

ఇక మన సంగతి. పతకం కోసమే మొదలుపెట్టాల్సిన పని లేదు. ఆదివారం రెండు గంటలు మనసు నిలకడ కోసం, స్నేహితులతో సరదా కోసం మొదలుపెట్టినా చాలు. మన తాతలకి ఆ సరదా ఉండేది. ఒలింపిక్ తరహా విల్లు సెట్ ఖరీదు లక్ష దాటుతుంది, నిజమే. కానీ జాతీయ పోటీల్లో "ఇండియన్ రౌండ్" అనే విభాగం ఉంది. మామూలు వెదురు, చెక్క విల్లుతోనే ఆడొచ్చు. మొదలు అక్కడ.

ఎయిర్ గన్ కొనే తమ్ముళ్లకి ఒక మాట. పిట్టలు కొట్టడానికి కొనొద్దు. అడవి పిట్ట మీద, జంతువు మీద పేలిస్తే వన్యప్రాణి చట్టం కింద కేసు అవుతుంది. కేసు పడితే మనోడి తరఫున మాట్లాడేవాళ్లు ఎంతమంది ఉంటారో మీకు తెలుసు. రేంజ్‌లో, కాగితం మీద, పెద్దవాళ్ల పర్యవేక్షణలో కొట్టండి.

చదువుకున్నవాళ్లం అడగాల్సింది ఒకటే. ప్రతి గురుకులంలో, ప్రతి ఆశ్రమ పాఠశాలలో నాలుగు విల్లులు, నేర్పే మనిషి, వెనక ఎత్తైన మట్టికట్ట ఉన్న కొంచెం నేల. ఐటీడీఏకి అర్జీ పెట్టేటప్పుడు "మా పిల్లలకి ప్రతిభ ఉంది" అని రాయకండి. అది వాళ్లు ఎప్పటినుంచో అంటున్న మాటే. "మా పిల్లలకి మైదానం లేదు" అని రాయండి.