అల్లికల కాగితాలు, సారస్వత చరిత్ర

సారస్వత చరిత్రకు ఆధారాలేవి అని అడిగితే శాసనాలు, తాళపత్రాలు, అచ్చుపుస్తకాలు, ఉత్తరాలు అని మనం చెప్పుతాము. కుట్లు అల్లికల నమూనాలు దాచుకున్న ట్రంకుపెట్టెను ఆ వరుసలో చేర్చడానికి ఎవరూ సాహసించరు. రెండేళ్ళ క్రిందట మా పెద్దమ్మ ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చి అటువంటి పెట్టె ఒకటి నా యెదుటకు రాకపోతే నేనూ సాహసించి ఉండేదాన్ని కాదు.

పెట్టె పెద్దది. అడుగున ముగ్గుల నోటుపుస్తకాలు. వాటిపైన గళ్ళ కాగితాలమీద పెన్సిలుతో నింపిన చిలుకలు, హంసలు, గులాబీలు. సూదితో గీత వెంబడి చిల్లులు పొడిచి, నీలిమందు అద్ది, గుడ్డమీదికి బొమ్మను దింపుకొనిన పలుచని కాగితాలు. అవి ఎన్నిసార్లు వాడినవో అంచులకు పట్టిన నీలిరంగే చెప్పుతుంది. అన్నిటికీ పైన సుమారు ముప్పది సంవత్సరాల వారపత్రికలు, మాసపత్రికలు. వాటిలో నుండి కత్తిరించి గుండుసూదితో కుచ్చిన పుటలు. "ఈ చెత్తంతా ఏమిటో నాకు తెలియదు. చదువుకున్నదానివి, నువ్వే తేల్చు" అని మా వదిన పెట్టెను నాకు అప్పగించింది. కొత్తగా వెళ్ళే ఇంటిలో రెండే గదులు. తేల్చక తప్పదు.

నేను చదువుకున్నదానినే గనుక చదువుకున్నవారు చేసే పొరపాటే చేసినాను. మూడు కుప్పలు పోసినాను. పనికివచ్చే నమూనాలు ఒకటి, పాత పత్రికలు ఒకటి, చిరిగినవి, మాసినవి ఒకటి. నమూనాలు చిన్నవి, తేలికైనవి, ఉంచవచ్చును. పత్రికలలో సగానికి అట్టలు లేవు, నడుమ పుటలు లేవు. ఎక్కడ చూచినా కత్తెర పడిన కిటికీలే. వాటిని పాత కాగితాలవానికి తూకానికి ఇచ్చివేసినాము. ఆ సాయంకాలం నమూనాలను సర్దుతూ ఒక నెమలిని తిరగవేసినాను. వెనుక ఒక కథ ముగింపు ఉన్నది. అత్తగారి గదిలో కూర్చుండి ఉత్తరం వ్రాస్తున్న ఒక కోడలు, మూడు పేరాలు, చివర కర్త పేరు ఉండవలసిన చోట నెమలి తోక వంపు తిరిగినందువలన కత్తెరకూడా వంపు తిరిగినది. పత్రిక పేరు లేదు, తేదీ లేదు. కథ పూర్వభాగమున్న సంచిక ఆ మధ్యాహ్నమే బండిమీద వెళ్ళిపోయినది.

నమూనాల కోసం కత్తెర పట్టడం మా పెద్దమ్మతో పుట్టిన విద్య కాదు. ఈ దేశపు నేతలను ఇదే తీరున వర్గీకరించిన ఘనుడొకడు పందొమ్మిదవ శతాబ్దంలో ఉన్నాడు. జాన్ ఫార్బ్స్ వాట్సన్ అనే వైద్యుడు లండనులోని ఇండియా ఆఫీసులో భారతదేశపు ఉత్పత్తులను గురించి నివేదికలు సమర్పించే ఉద్యోగి. ఇండియా మ్యూజియం నిలువలలోని వస్త్రాలను ముక్కలుగా కత్తిరింపించి, 700 నమూనాలను 18 సంపుటాలలో అమర్చి, 1866లో అటువంటివి 20 ప్రతులు సిద్ధం చేయించినాడు. 13 బ్రిటనులోని నగరాలకు, 7 భారతదేశానికి పంపబడినవి. ఇక్కడివారు ఏమి కట్టుకొంటారో, ఎటువంటి అంచును కోరుతారో అక్కడి మిల్లుదారులు తెలుసుకొని అటువంటివే నేసి ఇక్కడ అమ్ముకొనడం దాని ముఖ్యోద్దేశం. ఆ సంపుటాలు నేటికీ అందమైనవే, ఆ విషయంలో వివాదం లేదు.

వాట్సన్ శ్రద్ధ తక్కువది కాదు. తలపాగాలు ఒక వర్గం, ధోవతులు ఒక వర్గం, చీరలు ఒక వర్గం. ప్రతి ముక్క ప్రక్కన పొడవు, వెడల్పు, బరువు, దొరికిన ఊరు, వెల వ్రాయించినాడు. నేసినవాని పేరు మాత్రం లేదు. కొనేవానికి అక్కరలేనిది పట్టికలోకి ఎక్కలేదు. ఏది ఉంచవలెనో నిర్ణయించేది దేనికి ఉంచుతున్నామన్న ప్రశ్నే గనుక, మిల్లుకోసం సర్దిన సంపుటంలో సాలెవాడు కనబడడు. కుట్టుపనికోసం సర్దిన పెట్టెలో రచయిత్రి కనబడదు. వాట్సన్ లాభంకోసం కత్తిరించినాడు. మా పెద్దమ్మ దిండు గలీబుకోసం కత్తిరించినది. ఈ ఇద్దరిని ఒకే త్రాసులో తూచడం నా ఉద్దేశం కాదు. మూడవ నేరం నాది, దానికి ఈ రెండు కారణాలలో ఏదీ లేదు.

స్త్రీల పత్రికలను ఇట్లు పోగొట్టుకొనడం చిన్న నష్టమని అనుకొనేవారికి ఒక విషయం జ్ఞాపకం చేయవలసి ఉన్నది. 1910లో ఆంధ్రభారతిలో వెలువడిన గురజాడవారి 'దిద్దుబాటు'తో తెలుగు కథానిక పుట్టినదని మనమంతా పాఠశాలలో చదువుకున్నాము. 1902లో సత్తిరాజు సీతారామయ్యగారు ప్రారంభించిన హిందూసుందరిలో ఆ సంవత్సరమే భండారు అచ్చమాంబగారి 'ధనత్రయోదశి' అచ్చయినది. మొదటి కథ ఏదన్న వివాదం ఈనాటికీ తెగలేదు. నా మట్టుకు మొదటిది ఏదన్న పందెంమీద ఆసక్తి తక్కువ. వివాదమంటూ పుట్టడానికి ఆ సంచిక ఎక్కడో ఒకచోట మిగిలి ఉండవలసి వచ్చినది గదా! అచ్చమాంబగారు 1905లోనే, ముప్పదియొక్క యేండ్లు దాటకముందే గతించినారు. ఆమె కథలకు ఆనాటి పత్రికలే దిక్కు.

డాక్టరు కె. ఎన్. కేసరిగారు 1928లో మద్రాసునుండి వెలువరించిన గృహలక్ష్మి సంగతీ అటువంటిదే. కనుపర్తి వరలక్ష్మమ్మగారి శారద లేఖలు ఆ పత్రికలోనే వచ్చినవి. 1934లో ఆ పత్రిక స్వర్ణకంకణాన్ని మొదట అందుకొన్నదీ ఆమెయే. 1952నుండి దశాబ్దాలపాటు ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్‌గారు నడిపిన ప్రమదావనం మా పెద్దమ్మ తరానికి గురువువంటిది. వీటన్నిటి పాఠకురాలు ఒకే పుటలో కూరను, కుట్టును, కథను కలిపి చదివినది. వాటిని వేరుచేసి, ఒకటి సాహిత్యమని, తక్కినవి ఇంటిపని అని నిర్ణయించినది తరువాతి విమర్శకులము. ప్రసిద్ధ మాసపత్రికల సంపుటాలకు గ్రంథాలయాలలో తోలు అట్టలు వేసినారు. స్త్రీల పత్రికలు చాలావరకు ఇళ్ళలోనే ఉండి, ఇళ్ళతోనే పోయినవి. 1918లో వెలసిన వేటపాలెం సారస్వత నికేతనంవంటి చోట్ల పాత సంచికలు మిగిలినవంటే అక్కడివారి ఓర్పుకు నమస్కరించవలెను.

మిగిలిన కాగితాలను మరునాడు మళ్ళీ సర్దినాను. ఈసారి పెట్టెలో ఉన్న వరుస చెడగొట్టలేదు. ఆమె ఒకే కట్టలో పెట్టినవాటిని ఒకే కట్టలో ఉంచినాను. పత్రాగారాలలో దీనిని మూలక్రమమంటారు. పేరు పెద్దది, పని సామాన్యమైనది. ముందుగా గుండుసూదులు తీసినాను. తుప్పు కాగితాన్ని తినివేస్తుంది. మడతలు విప్పి, ప్రతి కాగితానికీ రెండు వైపులా ఛాయాచిత్రం తీసినాను. ఒకే నమూనా రెండు ప్రతులుగా ఉన్నచోట శుభ్రమైనదానిని వదలి, నీలిమందు అంటినదానిని ఉంచినాను. వాడిన కాగితం చెప్పగలిగినది వాడనిది చెప్పలేదు. వ్రాతగాని, చేతి గుర్తుగాని లేని అచ్చు ప్రతులు, ఈనాడు ఏ దుకాణంలోనైనా దొరికే దారాల కంపెనీ కరపత్రాలు, బొత్తిగా పొడి అయిపోయిన తుక్కు బయటికి పోయినవి. పెట్టె సగమైనది. మా వదినకు అంత చాలును.

ముగ్గుల పుస్తకాలలో మాత్రం నేను ఎదురుచూడనిది ఒకటి దొరికినది. ఒక పుట అంచున మా పెద్దమ్మ చేతివ్రాత: 'ఈ వారం కథ బాగున్నది. అక్కయ్యకు చదివి వినిపించవలెను.' ఆ అక్కయ్య ఎవరో మా ఇంట తెలిసినవారు లేరు.

తూకానికి వేసినవాటిని వెదకుతూ మూడుసార్లు ఆ కొట్టుకు వెళ్ళినాను. అప్పటికే అవి పొట్లాలైనవి. నెమలి ఇప్పుడు ఒక కవరులో ఉన్నది. కవరుపైన ఇట్లు వ్రాసినాను: 'ముందువైపు, నెమలి, కాడకుట్టు. వెనుకవైపు, కథ, చివరి మూడు పేరాలు, పేరు లేదు.'