జాకెట్టు కొలతలు, లండన్ బస్సు డ్రైవర్ల నడుములు

పటమటలో మా టైలరు బాబాయ్ దగ్గర ఒక పాత నోటు పుస్తకం ఉంది. పేరు, కింద కొలతలు, పక్కన తేదీ. మొన్న శ్రావణ మాసానికి జాకెట్లు కుట్టించుకుందామని వెళ్తే, టేపు మెడలో వేసుకుని పుస్తకం తిప్పుతూ, "మీ కొలత కొట్టేసి రాయడం ఇది నాలుగోసారమ్మా" అన్నాడు. ఎగతాళిగా అన్నది కాదు, చోటు చాలట్లేదని అన్నాడు. పుస్తకం నేనే తీసుకుని చూశాను. 2016లో నడుము 30. తర్వాత 31 ముప్పావు. తర్వాత 33. ఇప్పుడు 34 న్నర. ఏ రిపోర్టూ చెప్పనంత సూటిగా ఆ నాలుగు అంకెలూ నా ఎనిమిదేళ్ళ చరిత్ర చెప్పాయి.

అసలు సంగతి 2017 జూలై 1న మొదలైంది. అదే జీఎస్టీ వచ్చిన రోజు. అప్పటిదాకా ఆటోనగర్‌లో మా ఆయన స్పేర్ పార్ట్స్ కొట్టు లెక్కలన్నీ ఒక గుమస్తా గారు చిట్టా పుస్తకంలో రాసేవారు. కంప్యూటర్ అనగానే ఆయన "నా వల్ల కాదమ్మా" అని దణ్ణం పెట్టేశారు. బీకాం చదివిన పాపానికి టాలీ నా నెత్తిన పడింది. కింద కొట్టు, పైన ఇల్లు. పొద్దున వంట ముగించి కుర్చీలో కూర్చుంటే మళ్ళీ లేచేది అన్నాలకి. తర్వాత సాయంత్రం టీకి. నెలాఖరు వచ్చిందంటే రాత్రి పదకొండు. 2020 లాక్‌డౌన్‌తో మా అమ్మాయి కూడా హైదరాబాదు నుంచి లాప్‌టాప్ పట్టుకుని వచ్చి పక్క గదిలో కూర్చుంది. ఇంట్లో రెండు కుర్చీలు, రెండు తెరలు.

మా అమ్మకి నలభై ఎనిమిదో ఏట సుగర్ బయటపడింది. నాకిప్పుడు నలభై ఆరు. మొన్న హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా గడప మీద నిలబడ్డట్టు, ఆ పైన లోపలికి అడుగు పెట్టినట్టు. జాకెట్టు సంగతి నవ్వుకుని వదిలేసేదాన్నేమో గానీ ఈ అంకె నవ్వనివ్వలేదు.

ఆటోనగర్‌లో పొట్ట గురించి ఎవరూ చదవకుండానే అందరికీ తెలిసిన లెక్క ఒకటుంది. లారీ ఆగగానే తలుపు తీసుకుని ముందు దిగేది ఎవరు? పొట్ట ఉంటే డ్రైవరు, లేకపోతే క్లీనరు. ఇద్దరూ ఒకే ధాబాలో తింటారు, ఒకే క్యాబిన్‌లో పడుకుంటారు. కానీ ఒకడు వందల మైళ్ళు కూర్చుంటాడు. ఇంకొకడు టైర్లు తట్టి చూస్తాడు, పైకెక్కి పట్టా కడతాడు, దిగి నీళ్ళు పోస్తాడు. మా ఆయన ముప్పై ఏళ్ళుగా కౌంటర్ దగ్గర కూర్చుని ఇది చూస్తున్నారు. క్లీనరు డ్రైవరైన రెండేళ్ళకి బెల్టుకి కొత్త చిల్లు పడుతుందంటారు. (ఆయన బెల్టు సంగతి ఇప్పుడొద్దు లెండి.)

ఇదే లెక్కని డెబ్బై ఏళ్ళ క్రితం లండన్‌లో ఒక డాక్టరు వేశాడని మా అమ్మాయి చెప్పేదాకా నాకు తెలీదు. ఆయన పేరు జెర్రీ మారిస్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ గుండెపోట్లు విపరీతంగా పెరిగాయి, ఎందుకో ఎవరికీ అంతు పట్టలేదు. మారిస్ బృందం లండన్ బస్సులు, ట్రాములు నడిపే సిబ్బంది మీద దృష్టి పెట్టింది. సుమారు 31,000 మంది మగవాళ్ళు. హైదరాబాదులో ఒకప్పుడు మనం ఎక్కిన డబుల్ డెక్కర్ లాంటి బస్సులవి. డ్రైవరు ముందు తన గూట్లో డ్యూటీ అంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టికెట్ల కోసం కిందికీ పైకీ తిరుగుతూ రోజుకి ఐదారు వందల మెట్లు ఎక్కుతాడు. ఇద్దరిదీ ఒకే కంపెనీ, ఒకే తరగతి, ఇంచుమించు ఒకే రకం బతుకు. ఫలితాలు 1953లో లాన్సెట్ పత్రికలో అచ్చయ్యాయి. కండక్టర్లకి గుండెపోటు తక్కువగా వస్తోంది, వచ్చినా చచ్చిపోయేవాళ్ళు తక్కువ. ఉత్తరాలు పంచే పోస్ట్‌మన్లకీ, ఆఫీసులో కూర్చునే తపాలా గుమస్తాలకీ మధ్యా ఇదే తేడా. కూర్చునే పని మనిషిని చంపగలదని లెక్క కట్టి చూపించిన మొదటి పెద్ద పరిశోధనల్లో అదొకటి.

నాకు దానికంటే నచ్చింది 1956లో వచ్చిన రెండో వ్యాసం. మారిస్ బృందం మన టైలరు బాబాయ్ పుస్తకం లాంటిదే సంపాదించింది! సిబ్బందికి యూనిఫాం కుట్టించేది కంపెనీయే కాబట్టి, ఎవరి ప్యాంటు నడుము ఎంతో యూనిఫాం విభాగం రికార్డుల్లో ఉంటుంది. అవి తీసి చూస్తే ప్రతి వయసులోనూ డ్రైవర్ల నడుమే లావు. వ్యాసానికి పేరు కూడా యూనిఫాంల మీదే పెట్టారు. గొప్ప యంత్రాలేమీ లేవు, దర్జీ కొలతలే సాక్ష్యం.

ఇంకాస్త చదివితే కథ నేననుకున్నంత సులువుగా లేదు. పాతికేళ్ళ కుర్ర డ్రైవర్ల నడుములు కూడా లావుగానే ఉన్నాయట. అంటే కొంతమంది లావుగా ఉండే డ్రైవరు ఉద్యోగంలో చేరి ఉండొచ్చు, తప్పంతా సీటుదే కాకపోవచ్చు. దీని మీద తర్వాత చాలా ఏళ్ళు వాదనలు నడిచాయి. అసలైన మాట ఇంకొకటుంది. సన్నగా ఉన్న డ్రైవర్లనీ సన్నగా ఉన్న కండక్టర్లనీ, లావు డ్రైవర్లనీ లావు కండక్టర్లనీ విడివిడిగా పోల్చినా కండక్టర్లే మెరుగ్గా ఉన్నారు. మెట్లు ఎక్కడం వల్ల వచ్చే మేలు నడుము కొలతతో ఆగలేదన్నమాట. నేను ఇది రెండుసార్లు చదివాను. సన్నగా ఉన్నాం కదా అని కుర్చీ దిగకుండా ఉండేవాళ్ళూ, లావయ్యాం కదా ఇంకేం లాభం అని కూలబడేవాళ్ళూ మనింట్లోనే ఉంటారు. మా ఇంట్లో ఇద్దరూ ఉన్నారు.

మారిస్ 1910లో పుట్టి, 2009లో తొంభై తొమ్మిదేళ్ళకి పోయాడు.

ఆ 1956లోనే మన దేశంలోంచీ ఇలాంటి లెక్క ఒకటి వచ్చింది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పుకోరు. కలకత్తా దగ్గర హుగ్లీ ఒడ్డున ఒక జనపనార మిల్లులో జీన్ మేయర్, పూర్ణిమా రాయ్, కె.పి. మిత్రా కలిసి 213 మంది ఏం తింటున్నారో, ఎంత బరువున్నారో, ఏం పని చేస్తున్నారో రాశారు. బస్తాలు మోసేవాళ్ళు బాగా తింటున్నారు, సన్నగా ఉన్నారు. అందులో వింత లేదు. వింతేమిటంటే రోజంతా కదలకుండా కూర్చునే కొట్టు వాళ్ళు తేలిక పని చేసేవాళ్ళ కంటే ఎక్కువ తింటున్నారు, బరువూ వాళ్ళదే ఎక్కువ. కదలిక మరీ తగ్గిపోతే ఆకలి దానికి తగ్గట్టు తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. మధ్యాహ్నం మూడింటికి బిల్లులు ఎక్కిస్తూ నేను తినే చేగోడీల గిన్నె గుర్తొచ్చింది. అది ఆకలి కాదు, కూర్చోవడం.

ఇక్కడ కొంతమంది అంటారు, మన అమ్మమ్మలు రోట్లో దంచి, తిరగలి తిప్పి నాజూగ్గా ఉండేవాళ్ళు, మనమే మిక్సీలు కొనుక్కుని చెడిపోయామని. ఈ మాట మా అత్తయ్య గారి ముందు అనకండి. ఆవిడది ఉయ్యూరు దగ్గర పల్లెటూరు. "తెల్లారగట్ల నాలుగింటికి లేచి దంచితే తెలుస్తది ఎవరికైనా. నా నడుం ఇరవై ఏళ్ళకే పడిపోయింది" అంటారు. ఆ సన్నదనం సగం చాకిరీ, సగం చాలీచాలని తిండి. కానీ మర బియ్యం రావడం వల్ల మన డెల్టాలో జరిగింది మాత్రం చరిత్రకెక్కింది. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది, వరి పెరిగింది, తర్వాత మిల్లులు వచ్చాయి, తవుడంతా పోయిన తెల్లన్నం కంచాల్లోకి వచ్చింది. ఉత్తర సర్కారులనే మన కోస్తా జిల్లాల్లో బెరిబెరి పాతుకుపోయింది. దేశంలో ఆ జబ్బుకి పేరుపడ్డ ప్రాంతం ఇదే. 1918లో కూనూరులో మొదలైన బెరిబెరి పరిశోధన విభాగమే పెరిగి, 1958లో హైదరాబాదుకి వచ్చి, ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అయింది. దంచే పని ఆడవాళ్ళకి తప్పినందుకు నాకు సంతోషమే. ఆ పనితో పాటు తవుడూ, కదలికా రెండూ పోయాయి, తెల్లన్నం మాత్రం రెండు పూటలా మిగిలింది.

మా బెజవాడ చుట్టుపక్కల తిండి పద్ధతులకేం తక్కువ లేదు. ఏటి అవతల ఉండవల్లిలో మంతెన సత్యనారాయణ రాజు గారి ఆశ్రమం ఉంది. 2017, 18 ప్రాంతంలో వీరమాచినేని రామకృష్ణ గారి డైట్ ఊరంతా మోగినప్పుడు మా వీధి కిరాణాలో కొబ్బరి నూనె దొరకలేదు. వాటి మంచిచెడ్డలు చెప్పేంత చదువు నాకు లేదు. నా బాధ కంచంతో కాదు, కుర్చీతో.

కుర్చీ గురించి నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అమెరికాలో జేమ్స్ లెవీన్ 1999లో చేసిన పని. పదహారు మందికి ఎనిమిది వారాలు రోజూ వెయ్యి కేలరీలు అదనంగా పెట్టారు. అందరూ తిన్నది సమానమే. ఒకరికి కొవ్వు అర కేజీ కూడా పెరగలేదు, ఇంకొకరికి నాలుగు కేజీలు దాటింది. తేడా జిమ్ముది కాదు. లేవడం, అటూ ఇటూ తిరగడం, నిలబడి మాట్లాడటం, ఊరికే కూర్చోలేకపోవడం. తిండి పెరగగానే కొందరి ఒళ్ళు తెలీకుండానే కదలడం మొదలెడుతుంది. మా అత్తయ్య గారు డెబ్బై నాలుగేళ్ళ వయసులో కూడా సీరియల్ చూస్తూ మూడుసార్లు లేస్తారు. వాకిట్లో కుక్క, పొయ్యి మీద పాలు, ఎవరో పిలిచినట్టు. "కాస్త కుదురుగా కూర్చోండి అత్తయ్యా" అని ఇన్నాళ్ళూ నేనే అన్నాను.

వంటింట్లో రోజంతా నిలబడే ఉంటాం కదా, మనకి కదలికేం తక్కువ అని నేనూ అనుకునేదాన్ని. 2022 లెక్కల ప్రకారం మన దేశంలో చాలినంత కదలిక లేని మగవాళ్ళు నూటికి 42 మంది, ఆడవాళ్ళు 57 మంది. గట్టు ముందు నిలబడటం నడక కాదట.

సరే, నేనేం చేశానో చెప్తాను, పెద్దదేం కాదు. కొట్టుకీ ఇంటికీ మధ్య ఇంటర్‌కం తీసేయించాను. బిల్లు అడగాలన్నా, ఇవ్వాలన్నా దిగి వెళ్ళాలి. పదిహేడు మెట్లు. రోజుకి పద్దెనిమిది, ఇరవై సార్లు ఎక్కుతున్నాను, అంటే మూడు వందల పైచిలుకు. లండన్ కండక్టరుకి సగం. మంచినీళ్ళ కూజా కింద పెట్టాను. మొదటి వారం మోకాళ్ళు, మా ఆయన నోరు రెండూ లేచాయి. "ఒక్క ఫిల్టర్ రేటు చెప్పడానికి కిందికి రావాలా?" అని. ఇప్పుడు ఆయనే పైకొచ్చి అడుగుతున్నారు, నేనేం అనట్లేదు.

టేపు విషయంలో ఒక మాట. జాకెట్టు నడుము కొలతా, డాక్టర్లడిగే కొలతా ఒకటి కాదు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ సరిగ్గా మధ్యలో, ఊపిరి వదిలాక కొలవాలి. మన భారతీయ ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, అంటే 31 న్నర అంగుళాలు దాటితే జాగ్రత్త పడమంటారు. నాది 36 ఉంది. ఇరవై ఆరేళ్ళ మా అమ్మాయిది 33. నా అంకె కంటే ఆ అంకె ఎక్కువ గుచ్చుకుంది. దానికి నీతులు చెప్తే వినదు, నేనైనా ఆ వయసులో వినలేదు.

అందుకని రాత్రి భోజనాలు కాగానే "నాకు తోడు రావే, ఒక్కదాన్నే ఈ లారీల మధ్య నడవలేను" అంటున్నాను. తిన్నాక నూరడుగులు వెయ్యమని మన పెద్దలు అననే అన్నారు. 2016లో న్యూజిలాండ్ వాళ్ళు సుగర్ ఉన్న 41 మందిని చూసి, రోజుకి ఒకేసారి అరగంట నడవడం కంటే ప్రతి భోజనం తర్వాత పది నిమిషాలు నడిస్తే తిన్నాక పెరిగే సుగర్ బాగా తగ్గుతోందన్నారు. రాత్రి భోజనం తర్వాత ఇంకా ఎక్కువ. ఆ పది నిమిషాలే మావి. షట్టర్లు దించేసి ఉంటాయి, లేత్ మిషన్ల చప్పుడుండదు, బాడీ కట్టని లారీ ఛాసిస్‌లు అస్థిపంజరాల్లా రోడ్డు పక్కన నిలబడి ఉంటాయి. గ్రీజు వాసన. అది చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని అమెరికా వాళ్ళతో మీటింగ్‌లోనే ఉంటుంది, మ్యూట్‌లో పెట్టి మధ్యమధ్యలో నాతో మాట్లాడుతుంది. నిన్న మలుపు దగ్గర నేను వెనక్కి తిరగబోతే, "కాల్ ఇంకా అవలేదమ్మా, ఆ చివర దాకా వెళ్దాం పద" అంది.