పెట్టెల్లో వచ్చిన లారీ

హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ పుట్టి 80 ఏళ్ళు నిండాయని పాత ఉద్యోగులం వేసుకుంటున్న ఈ సంచికకు లారీ గురించి రాయమని మిత్రులు అడిగారు. ఫ్రిజ్ గురించీ వాచీ గురించీ రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. లారీ గుర్తొచ్చినందుకు ఆ మిత్రులకు చేతులెత్తి మొక్కుతున్నాను.

1942లో నిజాం ప్రభుత్వ ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్, అలాదీన్ కంపెనీ కలిసి ఆల్విన్ మెటల్ వర్క్స్ పెట్టాయి. సనత్‌నగర్‌లో బీరువాలు, బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు చేస్తుండగానే నలభై ఏళ్ళు గడిచిపోయాయి.

1980ల మొదట్లో కేంద్రం జపాన్ కంపెనీలతో కలిసి చిన్న డీజిల్ లారీలు చేసుకోవడానికి దేశంలో నాలుగు సంస్థలకు అనుమతి ఇచ్చింది. డీసీఎం టయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి, నాలుగోది మన ఆల్విన్ నిస్సాన్. యుద్ధం తర్వాత జపాన్ వాళ్ళు తమ ఇరుకు వీధుల కోసం పెంచుకున్న బళ్ళు అవి. ముందు మూతి ఉండదు, డ్రైవరు ఇంజను మీదే కూర్చుంటాడు, అంత జాగా సరుకుకు మిగులుతుంది. మోండా మార్కెట్ సందుల్లో పెద్ద లారీ తిప్పలేక చెమటలు కక్కిన డ్రైవరుకు దాని విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

జహీరాబాద్‌లో, బొంబాయి రోడ్డు మీద ఫ్యాక్టరీ లేచింది. చుట్టూ చెరకు తోటలు. క్యాబ్‌స్టార్ అనే ఆ లారీ విడిభాగాలు సముద్రం దాటి చెక్కపెట్టెల్లో వచ్చేవి. పెట్టె విప్పితే నూనె కాగితం వాసన. ఒక్కో పొట్లం విప్పి, తుడిచి, వరసగా పెట్టేవాళ్ళం.

నాకు పని నేర్పినాయన్ని అందరం ఉస్తాద్ అనే పిలిచేవాళ్ళం. రాణిగంజ్ షెడ్లలో పాత డీజిల్ ఇంజన్లు విప్పి బిగించి ఎదిగిన మనిషి. ఒక చలికాలం పొద్దున బండి ఎంతకీ అందుకోలేదు. నేను సెల్ఫ్ కొడుతూనే ఉన్నా. ఉస్తాద్ నా చెయ్యి పట్టి ఆపి, "బ్యాటరీ సంపకు బిడ్డా, గాలి జొచ్చింది చూడు" అన్నాడు. ఫిల్టరు మీది స్క్రూ కొద్దిగా వదులు చేసి, చేతిపంపు నొక్కమన్నాడు. నురగ నురగగా డీజిల్ వచ్చింది. బుడగలు పోయి ధార తేటగా వచ్చేదాకా నొక్కించి, స్క్రూ బిగించాడు. ఒక్క తిప్పుకే బండి అందుకుంది. జపాన్ పుస్తకంలో బొమ్మలతో ఉన్నది కూడా ఇదే పని. ఆయన ఆ పుస్తకం తెరవలేదు.

కష్టకాలం యెన్ రూపంలో వచ్చింది. 1985 సెప్టెంబరులో డాలరుకు 240 యెన్ల దాకా ఉన్నది, ఏడాది తిరిగేసరికి 155 దగ్గరికి వచ్చింది. మనం కొనే ప్రతి పెట్టె ధరా ఆ లెక్కన ఎగబాకింది. విడిభాగాలు ఇక్కడే చేయించుకోవాలని ప్రభుత్వ గడువులు ఒక పక్క, 1986లో పూర్తిగా దేశీ సరుకుతో దిగిన టాటా 407 ఇంకో పక్క. నాలుగు కంపెనీలూ నలిగాయి. మన బండి నాసిరకమని జనం కొనలేదన్న మాట నేను ఒప్పుకోను. ధర దాన్ని దెబ్బ తీసింది. 1989లో ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతికి వెళ్ళింది. తర్వాత సనత్‌నగర్ ఫ్రిజ్‌లు వోల్టాస్‌కు వెళ్ళాయి. జహీరాబాద్‌లో ఇప్పుడు మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతున్నాయి, అక్కడి పిల్లలకు పని దొరుకుతోంది. అది చాలా సంతోషం.

మనసులో ఒక మాట ఉంది. ఈ మధ్య ఒక పత్రికలో నగర పరిశ్రమల మీద నాలుగు పేజీల వ్యాసం వచ్చింది. ఫ్రిజ్ ఉంది, వాచీ ఉంది, పుష్పక్ స్కూటరూ ఉంది. లారీ లేదు. ఒక్క వాక్యమైనా లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఫిట్టర్లు, వెల్డర్లు, పెయింటర్లు, ఎలక్ట్రీషియన్లు, క్రేన్ ఆపరేటర్లు, స్టోర్సు గుమస్తాలు, టెస్ట్ డ్రైవర్లు, క్యాంటీన్ వాళ్ళు, వాచ్‌మన్లు, ఈ సంచికకు చందాలిచ్చిన రాణిగంజ్ స్పేర్ పార్టుల దుకాణదారులు, అందరికీ పేరుపేరునా నమస్కారం. పేర్లు చివరి పేజీల్లో ఉన్నాయి. పెట్టెలు విప్పిన రోజుకూలీ కుర్రాళ్ళ పేర్లు మాత్రం దొరకలేదు, క్షమించాలి. ఉస్తాద్ పేరు అక్షరక్రమంలో ఎక్కడో కిందకు పోతుంటే, మొదటే వేయమని బతిమాలాను. వేస్తామన్నారు.