చారల చేప, పులస

ఆదోనిలో పెరిగిన నాకు పడవంటే మంత్రాలయం దగ్గర తుంగభద్రలో తిరిగే పుట్టే. వేసవి సెలవుల్లో అమెరికాలో మనవాళ్లు పడవ మాట్లాడుకుని సముద్రంలో పట్టే స్ట్రైప్డ్ బాస్, అదే చారల చేప కథ మాత్రం మన పులస కథలాంటిదే. రెండూ గుడ్లు పెట్టడానికి సముద్రం వదిలి నదికి ఎదురెక్కుతాయి.

పులసకు 1852లో ధవళేశ్వరం ఆనకట్ట అడ్డొచ్చింది. చారల చేపను మితిమీరిన వేట దెబ్బతీసింది. 1984లో అమెరికా చట్టం చేసింది. మేరీల్యాండ్ 1985 నుంచి 1990 దాకా వేటే మానిపించింది. 1995కల్లా చేప కోలుకుంది. 2023 నుంచి సముద్రంలో పట్టింది 28-31 అంగుళాల మధ్య ఉంటేనే ఇంటికి, అదీ మనిషికి రోజుకు ఒక్కటే. అంతకన్నా పెద్దదాన్ని వదిలేయాలి. గుడ్లు ఎక్కువ పెట్టేది అదే మరి.

పుస్తెలమ్మైనా పులస తినాలనే మనం, గోదారికి ఎదురొచ్చే ఆ చేపకు అలాంటి అయిదేళ్లు ఎప్పుడిచ్చాం?