ఒకే తీగ మీద మాటా, అక్షరమూ

టెలిఫోన్‌కు మనం దూరవాణి అని పేరు పెట్టుకున్నాం. కన్నడంలోనూ అదే మాట. మరాఠీలో దూరధ్వని, ఒడియాలో దూరభాష, తమిళంలో తొలైపేసి. మీరు ఏ రాష్ట్రంలో చదువుకుంటున్నా వీటిలో ఒకటి పాఠ్యపుస్తకంలోనో ఆఫీసు బోర్డు మీదో చూసే ఉంటారు. వాణి, ధ్వని, భాష, పేచ్చు: అన్నింటిలోనూ గొంతు వినిపిస్తుంది. ఇంటర్నెట్‌కు వచ్చిన పేర్లు అలాంటివి కావు. అంతర్జాలం ఒక వల, తమిళుల ఇణైయం ఒక కలయిక. పేరు పెట్టినవారు ఈ తేడాను ఉద్దేశించారని నేననను. కానీ ఈ రెండు వ్యవస్థలూ మన దేశంలో కలిసిన చరిత్ర అంతా ఆ తేడా చుట్టూనే తిరిగింది. గొంతుకు ఒక లైసెన్సు, అక్షరానికి ఒక లైసెన్సు అన్నట్టు చాలాకాలం నడిచింది.

ఇది మనకు ఎందుకు పట్టాలో ముందే చెబుతాను. హోసూరు, బళ్ళారి, బరంపురం, షోలాపూరు, మదురై ప్రాంతాల తెలుగు కుటుంబాలలో తెలుగు మాట్లాడేవారు ఎందరో ఉన్నారు, తెలుగు చదవగలిగేవారు అంతకంటే చాలా తక్కువ. బడి భాష వేరు కావడమే కారణం. ఇలాంటివారికి తంతి పనికిరాలేదు. తెలుగు ముక్కలు కొట్టించాలన్నా ఇంగ్లీషు అక్షరాల్లో రాసివ్వాలి. టెలిఫోన్ లిపి అడగలేదు. 1980ల చివర వీధివీధికీ వచ్చిన ఎస్‌టీడీ బూతుల ముందు, రాత్రి చార్జీ తగ్గే వేళకు వరసగా నిలబడినవారిలో నిరక్షరాస్యులూ ఉన్నారు, నా వంటి అధ్యాపకులూ ఉన్నారు. మీటరు తిరుగుతుంటే గుండె కొట్టుకోవడంలో మా మధ్య తేడా ఏమీ లేదు.

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సామాన్యులకు ఇంటర్నెట్ ప్రారంభించింది. అది వచ్చింది కొత్త దారిలో కాదు, పాత టెలిఫోన్ తీగ మీదనే. మోడెమ్ అనే పెట్టె కంప్యూటరు సంకేతాలను ధ్వనిగా మార్చి తీగ మీద పంపేది; అవతలి మోడెమ్ ఆ ధ్వనిని తిరిగి సంకేతాలుగా విప్పేది. ఆ కీచుధ్వని విన్నవారు మరచిపోరు. అంటే అక్షరం గొంతు వేషం వేసుకుని ఎక్స్‌ఛేంజిలోకి దూరిందన్నమాట. తొలి రోజుల వేగం సెకనుకు 9.6 కిలోబిట్లు.

ఎక్స్‌ఛేంజికి ఈ వేషగాడితో చిక్కు వచ్చింది. రద్దీ గంటలో ఒక్కో లైను సగటున ఆరు నిమిషాలు వాడుకలో ఉంటుందన్న లెక్క మీద ఎక్స్‌ఛేంజీలు కట్టేవారు. మనిషి మూడు నిమిషాలు మాట్లాడి పెట్టేస్తాడు. ఇంటర్నెట్ తెరిచినవాడు గంటసేపు లేవడు. ఆ గంటసేపూ ఇంటి ఫోను మోగదు, ఎక్స్‌ఛేంజిలో ఒక దారి మూసుకుపోతుంది. పైగా రెండు బిల్లులు: ఇంటర్నెట్ ఇచ్చినవారికి ఒకటి, టెలిఫోన్ శాఖకు లోకల్ కాల్ చార్జీ మరొకటి.

1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలకు ఇంటర్నెట్ సేవ తెరిచారు. మొదట రంగంలోకి దిగింది సత్యం ఇన్ఫోవే. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్‌కు పుట్టిన ఈ సంస్థ మద్రాసు కేంద్రంగా పనిచేసి, 1999 అక్టోబరులో అమెరికాలో నాస్‌డాక్‌కు ఎక్కింది. అయితే ఇంటి గుమ్మం దాకా వెళ్ళే తీగ మాత్రం ప్రభుత్వ టెలిఫోన్ శాఖదే. పోటీ పడవలసినవాడి తీగ మీదనే వ్యాపారం చేయాలి. దీన్ని భాగస్వామ్యం అన్నారు గాని, గత్యంతరం లేని కాపురం అనడం నిజానికి దగ్గర.

నిజమైన భాగస్వామ్యం చూడాలంటే మద్రాసు ఐఐటీకి వెళ్ళాలి. అక్కడ అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం 1990లలో కార్డెక్ట్ అనే పద్ధతి తయారు చేసింది. ఐఐటీ, అక్కడి పూర్వవిద్యార్థులు పెట్టిన మైడాస్ కంపెనీ, చిప్పులు చేసే అమెరికా సంస్థ అనలాగ్ డివైసెస్ ఇందులో కలిసి పనిచేశాయి. అప్పటికి ఒక్కో టెలిఫోన్ లైను వేయడానికి 30,000 రూపాయలకు పైబడి అయ్యేది. దాన్ని 10,000కు దించితే తప్ప మధ్యతరగతి ఇంటికీ పల్లెకూ ఫోను రాదని ఝున్‌ఝున్‌వాలా వాదన. ఖర్చంతా ఎక్స్‌ఛేంజి నుంచి ఇంటికి వేసే తీగలో ఉంది కనుక, ఆ తీగనే తీసేశారు. ఒక స్తంభం మీది యాంటెన్నా సుమారు పది కిలోమీటర్ల దూరం వరకు రేడియో తరంగాలతో అందుకుంటుంది. ఇంట్లో గోడకు ఒక పెట్టె. అందులో ఫోనూ పెట్టుకోవచ్చు, కంప్యూటరూ పెట్టుకోవచ్చు, రెండూ ఒకేసారి పనిచేస్తాయి.

నాకు ఇందులో నచ్చిన విషయం మరొకటి. గొంతూ అక్షరమూ ఒకే పెట్టె నుంచి బయలుదేరినా, ఎక్స్‌ఛేంజి గడప దగ్గర వాటిని విడదీసి, గొంతును టెలిఫోన్ జాలానికీ అక్షరాన్ని ఇంటర్నెట్‌కూ పంపేవారు. వేషం అక్కర్లేకుండా పోయింది. ఈ పరికరాలతో ఎన్‌లాగ్ అనే కంపెనీ 2001 ప్రాంతంలో మదురై జిల్లా పల్లెల్లో ఇంటర్నెట్ దుకాణాలు తెరిపించింది. కొన్నిచోట్ల కంటి జబ్బులున్నవారు ఆ దుకాణంలో కూర్చుని మదురై అరవింద్ ఆసుపత్రి వైద్యులకు చూపించుకున్నారు. నాయకరాజుల కాలం నుంచి తెలుగువారున్న సీమ అది. ఆ దుకాణాలు చాలావరకు నిలవలేదు. కొద్ది ఏళ్ళలోనే మొబైల్ ఫోన్లు చవకై, గోడ పెట్టె అవసరం తీరిపోయింది.

ఇంతలో ఢిల్లీలో ఒక గోడ లేచింది. 2002 ఏప్రిల్ 1 నుంచి ఇంటర్నెట్ ద్వారా మాట్లాడటాన్ని చట్టబద్ధం చేశారు, కాని సగం. కంప్యూటరు నుంచి కంప్యూటరుకు మాట్లాడవచ్చు. ఇక్కడి కంప్యూటరు నుంచి విదేశంలోని టెలిఫోన్‌కూ మాట్లాడవచ్చు. స్వదేశంలోని టెలిఫోన్‌కు మాత్రం కూడదు. ఎస్‌టీడీ ఆదాయం మీద, భారీ ఫీజులు కట్టి తెచ్చుకున్న టెలిఫోన్ లైసెన్సుల మీద దెబ్బ పడుతుందన్నది దీని వెనుక లెక్క. ఫలితం ఏమిటంటే, మద్రాసులో చదివే పిల్లవాడు నెట్ సెంటర్ నుంచి చికాగోలోని అన్నయ్య ఫోనుకు మాట్లాడవచ్చు, నెల్లూరులోని అమ్మమ్మ ఫోనుకు మాట్లాడరాదు. ట్రాయ్ ఈ గోడ తీసేయమని 2008లోనే చెప్పింది. తీసింది 2018లో.

గొంతు గోడకు ఇవతల ఉన్న ఆ ఏళ్ళలో ఇంటర్నెట్ మీది తెలుగు అక్షరంగానే బతికింది, అదీ చాలావరకు ఇంగ్లీషు అక్షరంగా. 1991 నాటి యూనికోడ్‌లోనే తెలుగు లిపికి చోటు దొరికింది కాని, ఇళ్ళలోని కంప్యూటర్లలో తెలుగు సరిగా కనబడటానికి మరో పదేళ్ళు పట్టింది. అమెరికా తెలుగు విద్యార్థులు రైస్ విశ్వవిద్యాలయం పేరుతో చేసిన లిప్యంతరీకరణ పద్ధతి ఆ కొరత కొంత తీర్చింది. అది లిపి వచ్చినవారికి ఊతం. లిపి రాని బళ్ళారి, షోలాపూరు పిల్లలకు దానివల్ల ఒరిగిందేమీ లేదు.

తరవాతి కథ మీకు తెలుసు. 2005లో బ్రాడ్‌బ్యాండ్ వచ్చి, పాత రాగితీగ మీదనే కింది పౌనఃపున్యాలు మాటకూ పైవి ఇంటర్నెట్‌కూ పంచారు. 2013లో వాట్సాప్ గొంతు సందేశాలు వచ్చాయి. 2016 సెప్టెంబరులో జియో మొదలైనప్పుడు మాటకు వేరే దారే లేదు. మాట కూడా ఇంటర్నెట్ పొట్లంగానే వెళ్ళింది. అప్పుడూ పాత తగవే. కొత్త కంపెనీకి చాలినన్ని అనుసంధానాలు ఇవ్వలేదని అదే అక్టోబరులో ట్రాయ్ మూడు పాత కంపెనీలకు జరిమానా సిఫార్సు చేసింది. 2020లో ఫేస్‌బుక్ 43,574 కోట్లు, గూగుల్ 33,737 కోట్లు జియో సంస్థలో పెట్టాయి. ఒకప్పుడు వేషం వేసుకుని దూరిన అతిథి ఇప్పుడు ఇంట్లో వాటాదారు.

మూడు తరాలుగా తెలుగు బడి లేని ఇళ్ళలో తెలుగు మళ్ళీ దూరప్రయాణం చేస్తున్నది ఈ గొంతు సందేశాల మీదనే. అవి పుస్తకాల తెలుగు కావు. ‘ఉంది’ అనకుండా ‘ఉండాది’ అనే తెలుగు. నా వంటి భాషాశాస్త్రజ్ఞుడు టేప్ రికార్డరు పట్టుకుని ఊరూరా తిరిగితే దొరికేది, ఇప్పుడు మీ జేబులో ఉంది. అయితే మీరు దాచుకోకపోతే అది నిలవదు. స్కైప్ 2025 మేలో మూతపడింది. అంతకుముందు ఇరవై రెండేళ్ళపాటు ఎన్ని ఇళ్ళ మాటలు దాని గుండా పోయాయో.

మా తరగతిలో మదురై వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థిని ఉంది. వాళ్ళ నాయనమ్మ పంపిన సందేశాలు ఫోను మార్చినప్పుడు చాలా పోయాయి, పదకొండు మిగిలాయి. వాటిని రాసి తెమ్మన్నాను. ఆమెకు తెలుగు లిపి రాదు, తమిళ లిపిలో రాసి తెచ్చింది. ఆ లిపిలో కకార గకారాలకు తేడా ఉండదు కనుక, మేమిద్దరం ఫోను మధ్యలో పెట్టుకుని ఒక్కో మాటా మళ్ళీ విని, పక్కన తెలుగులో రాసుకున్నాం. మొత్తం తొమ్మిది నిమిషాల మాటలు. రెండు మధ్యాహ్నాలు పట్టింది.