సాయాన్ని తూచిన చేతులు

1877 జనవరిలో బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ కరువు చూడటానికి మద్రాసు వచ్చేనాటికి ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. కరువు పనుల్లో రాళ్లు కొట్టే మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం చాలన్నాడాయన. పౌనంటే అరకిలో కూడా కాదు. 1873-74 బీహారు కరువులో ధారాళంగా ఖర్చుపెట్టి, పైవాళ్లతో మాటలు పడ్డ మనిషే ఈయన. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఈ పౌను లెక్కకు ఎదురు తిరిగాడు. పని చేసే ఒంటికి ఆ తిండి చాలదన్నాడు. టెంపుల్ ఖజానా లెక్క చూశాడు, కార్నిష్ తిన్నవాడి ఒళ్లు చూశాడు. మన సీమలో సాయం నాణ్యత మీద తగువు అక్కడే మొదలైందని నా నమ్మకం.

ఆ ఏడాదే లండన్ మేయర్ తెరిచిన మాన్షన్ హౌస్ నిధి డబ్బు రైతులకు ఎడ్లకూ విత్తనాలకూ అందింది. గంజితో ప్రాణం నిలుస్తుంది, ఎద్దుతో సేద్యం నిలుస్తుంది. ఈ తేడా తెలిసి ఇచ్చిన డబ్బు అది.

1953లో ఆదోని కర్నూలు జిల్లాలో కలిసింది. 1990ల నుంచి ఐక్యరాజ్యసమితి, నెదర్లాండ్స్, బ్రిటన్ నిధులు పొదుపు సంఘాలకు, బోర్లకు, వాటర్‌షెడ్లకు జిల్లాలోకి వచ్చాయి. ఆ నిధులతో నడిచినవాటిలో నా మనసుకు పట్టింది రైతులే నడిపిన భూగర్భజలాల పథకం. కర్నూలుతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో రైతులే, ఆడవాళ్లు సైతం, బోరులోకి టేపు దించి నీటిమట్టం చూశారు, రెయిన్‌గేజిలో వాన కొలిచి పుస్తకంలో రాసుకున్నారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీళ్లెన్నో, వేయబోయే పైరు ఎంత తాగుతుందో లెక్క వేశారు. సాయం పొందే దేశాలకే దాని మీద పెత్తనం ఉండాలని 2005లో పారిస్‌లో దేశాలు ఒప్పుకున్నాయి. ఆ మాట ఇక్కడి పల్లెల్లో అప్పటికే ఆచరణలో ఉంది.

2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక ఈ పథకాన్ని మెచ్చుకుంది. నిధులు ఆగాక ఊళ్లకు వెళ్లిన పరిశోధకులు మాత్రం 2012లో ఆ మెప్పును ప్రశ్నించారు. ఇలా తిరిగి వెళ్లి చూడటం ప్రతి పథకానికీ జరగాలి. డబ్బున్నంతకాలం ఏ పథకం బోర్డు మీదైనా అంకెలు నిండుగానే ఉంటాయి.

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల నుంచి ఇప్పటికీ జనం గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతున్నారు. పిల్లల్నీ వెంట తీసుకుపోతారు, బడి మధ్యలో ఆగిపోతుంది. అందుకే ఈ వైపు ఏ పథకం నివేదిక చేతికొచ్చినా నేను ముందు ఒక్క లెక్క కోసం వెతుకుతాను: ఆ ఏడాది సుగ్గి కాలంలో ఊళ్లో ఎన్ని ఇళ్లకు తాళాలు పడ్డాయి?