మిగిలిన ఆరు ఫైళ్లు

1973 అక్టోబరులో అమెరికాలోని యార్క్‌టౌన్ హైట్స్‌లో ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద ఒక సదస్సు జరిగింది. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ తయారు చేసిన యూనిక్స్ గురించి అక్కడే విన్నాడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ క్యాంపస్ ఆచార్యుడు బాబ్ ఫాబ్రీ. విన్నది మొదలు దాన్ని తమ క్యాంపస్‌కు ఎలాగైనా తెచ్చుకోవాలనుకున్నాడు. అదేమంత కష్టం కాలేదు. బెల్ ల్యాబ్స్‌కు యజమాని ఏటీ అండ్ టీ అనే టెలిఫోన్ కంపెనీ. ప్రభుత్వంతో 1956లో కుదిరిన రాజీ ప్రకారం దానికి కంప్యూటర్ల వ్యాపారంలోకి దిగే వీలు లేదు. అమ్ముకునే దారి లేని సరుకు కనుక, యూనిక్స్‌ను విశ్వవిద్యాలయాలకు నామమాత్రపు రుసుముకే, సోర్స్ కోడ్‌తో సహా ఇచ్చేది. 1974 జనవరిలో యూనిక్స్ టేపు బర్కిలీ చేరింది.

మరుసటి ఏడాది అదృష్టం కూడా కలిసొచ్చింది. థాంప్సనే ఒక సంవత్సరం పాటు పాఠాలు చెప్పడానికి బర్కిలీ వచ్చాడు. అప్పుడే పరిశోధన విద్యార్థిగా బిల్ జాయ్ చేరాడు. సోర్స్ చేతిలో ఉంది, రాసిన మనిషి పక్కనే ఉన్నాడు, ఇక ఆ కుర్రాడిని ఆపేదెవరు? పాస్కల్ భాషకు కావలసిన సరంజామాకు మెరుగులు దిద్దాడు, కొత్త ఎడిటర్ రాశాడు. 1978లో వాటిని టేపుకెక్కించి అడిగినవారికి పంపాడు. సుమారు ముప్పై కాపీలు వెళ్లాయి. దాని పేరు బర్కిలీ సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్, పొట్టిగా బీఎస్‌డీ.

తర్వాత అమెరికా రక్షణశాఖ పరిశోధన సంస్థ డార్పా డబ్బిచ్చింది. 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీతో కంప్యూటర్లు టీసీపీ/ఐపీ పద్ధతిలో మాట్లాడుకోవడం సులువైంది. ఇంటర్నెట్ వేళ్లూనుకోవడంలో దాని పాత్ర పెద్దది. అయితే ఒక చిక్కు అలాగే ఉండిపోయింది. బర్కిలీ టేపు ఎవరు తీసుకోవాలన్నా ముందు ఏటీ అండ్ టీ లైసెన్సు కొనాల్సిందే, ఎందుకంటే లోపల ఉన్న పాత కోడ్ వాళ్లది. 1984లో ఆ కంపెనీ ముక్కలై, పాత ఆంక్షలు తొలగాక లైసెన్సు ధర పెరుగుతూ పోయింది. మాకు నెట్‌వర్క్ భాగం ఒక్కటి చాలు, దానికి ఇంత డబ్బెందుకు కట్టాలి అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు.

1989లో బర్కిలీ పరిశోధకులు పూర్తిగా తాము రాసిన నెట్‌వర్క్ కోడ్‌ను వేరు చేసి విడుదల చేశారు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. కాపీరైట్ ప్రకటన తీసేయకూడదు, రాసినవారికి గుర్తింపు ఇవ్వాలి. షరతు అంతవరకే.

ఇది చూసి ఆ పరిశోధకుల్లో ఒకడైన కీత్ బోస్టిక్‌కు ఆశ పుట్టింది. మిగతాదంతా కూడా ఇలాగే ఇచ్చేస్తే? సహచరులు మైక్ కరేల్స్, కిర్క్ మెక్యుసిక్ అది అయ్యే పని కాదన్నారు. వందలాది యుటిలిటీలున్నాయి, పెద్ద సీ లైబ్రరీ ఉంది, వాటన్నిటినీ మళ్లీ ఎవరు రాస్తారు? అవి పూర్తయితే, సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ సంగతి మేం చూస్తాంలే అన్నారు. అంతదాకా రాదన్నది వాళ్ల ధీమా.

బోస్టిక్ వాదనకు దిగలేదు. సదస్సుల్లోనూ నెట్‌లోనూ కనిపించిన వారినల్లా అడగడం మొదలుపెట్టాడు. ఏటీ అండ్ టీ కోడ్‌ను చూడొద్దు. అచ్చయిన వివరణ చదివి, ఆ పని చేసే ప్రోగ్రామును మొదటినుంచి రాయండి. డబ్బులు ఇవ్వలేం, మీ పేరు మాత్రం వేస్తాం. మొదట చిన్నవి వచ్చాయి, ఆపైన పెద్దవీ వచ్చాయి. కాపురం ఉంటూనే ఇంటి ఇటుకలు ఒక్కొక్కటీ మార్చేసినట్టు, పద్దెనిమిది నెలల్లో ముఖ్యమైన యుటిలిటీలు, లైబ్రరీలు దాదాపు అన్నీ కొత్తవైపోయాయి. బోస్టిక్ ఆ జాబితా పట్టుకుని మిత్రుల గదికి వెళ్లి, కెర్నల్ ఎంతవరకు వచ్చిందని అడిగాడు.

ఇచ్చిన మాట తప్పేదెలా? ముగ్గురూ కూర్చుని కెర్నల్‌ను ఫైలు తర్వాత ఫైలు చదివి, పాత కోడ్ ఆనవాళ్లున్న చోటల్లా తీసేస్తూ వచ్చారు. నెలల తర్వాత చూస్తే తేలిగ్గా తిరగరాయలేనివి ఆరే ఆరు ఫైళ్లు మిగిలాయి. వాటిని వదిలేసి, మిగతాదంతా 1991 జూన్‌లో విడుదల చేశారు. కొత్త పేరు పెడితే న్యాయవాదులకు మళ్లీ మొదటినుంచి వివరించాలి. అందుకే దాదాపు సంపూర్ణమైన ఆపరేటింగ్ సిస్టమ్ నెట్‌వర్కింగ్ రిలీజ్ 2 అనే సాదా పేరుతో బయటికొచ్చింది.

ఆ ఖాళీలను బిల్ జోలిట్జ్ పూరించాడు. భార్య లిన్‌తో కలిసి, మామూలు 386 పీసీ మీద నడిచే 386బీఎస్‌డీని 1992లో ఉచితంగా ఇచ్చాడు. వాడేవాళ్లు వేగంగా పెరిగారు. వాళ్లు పంపే సవరణలను అందుకోవడం ఆయన వల్ల కాలేదు. ఆగలేని వాళ్లు 1993లో సొంతంగా నెట్‌బీఎస్‌డీ, ఫ్రీబీఎస్‌డీ ప్రాజెక్టులు ప్రారంభించారు.

ఇంతలో పిడుగు పడింది. బీఎస్‌డీఐ అనే చిన్న కంపెనీ అదే కోడ్‌తో తయారైన సిస్టమ్‌ను 995 డాలర్లకు అమ్ముతూ, ఏటీ అండ్ టీ వారి యూనిక్స్ అయిన సిస్టమ్ ఫైవ్ ధర కంటే 99 శాతం తక్కువ అని ప్రకటించుకుంది. ఏటీ అండ్ టీ అనుబంధ సంస్థ యూఎస్‌ఎల్ 1992లో దావా వేసి, విశ్వవిద్యాలయాన్నీ అందులోకి లాగింది. న్యూజెర్సీ ఫెడరల్ కోర్టు న్యాయమూర్తి పంపిణీ ఆపించడానికి ఒప్పుకోలేదు. రాష్ట్ర కోర్టులో తేల్చుకోదగ్గ వ్యవహారమని సూచించారు. విశ్వవిద్యాలయం న్యాయవాదులు క్షణం ఆలస్యం చేయకుండా కాలిఫోర్నియాలో ఎదురు దావా వేశారు. సిస్టమ్ ఫైవ్‌లో బర్కిలీ కోడ్ వాడుకుని కూడా లైసెన్సు ప్రకారం ఇవ్వాల్సిన గుర్తింపు ఇవ్వలేదన్నది వారి అభియోగం. పత్రాలన్నీ మళ్లీ అచ్చు వేయాలనీ, పెద్ద పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలతో తప్పు ఒప్పుకోవాలనీ కోరారు. పేరు తప్ప మరేమీ ఆశించని వాళ్లతో పోరాటానికి దిగిన సంస్థ, ఆ పేరు వేయని పాపానికే ఇరుకున పడింది.

యూఎస్‌ఎల్‌ను నోవెల్ కొనేసింది. దాని అధినేత రే నూర్డాకు కోర్టులో కంటే బజారులో పోటీ పడటమే ఇష్టం. 1994 జనవరిలో రాజీ కుదిరింది. సుమారు 18,000 ఫైళ్లలో తీసేయాల్సి వచ్చినవి మూడు. మరో 70 ఫైళ్లకు యూఎస్‌ఎల్ కాపీరైట్ చేర్చారు. జూన్‌లో 4.4 బీఎస్‌డీ-లైట్ ఏ చిక్కూ లేకుండా వెలువడింది.

కానీ పోయిన కాలం తిరిగి రాలేదు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టొర్వాల్డ్స్ యూనిక్స్‌ను పోలిన లినక్స్‌ను మొదలుపెట్టాడు. తాను ప్రారంభించేనాటికి 386బీఎస్‌డీ దొరికి ఉంటే బహుశా లినక్స్ పుట్టేదే కాదని తర్వాత ఆయనే చెప్పాడు. దావా భయంతో జనం సందేహిస్తున్న ఏళ్లలోనే లినక్స్ పరుగందుకుంది.

అయినా బర్కిలీ శ్రమ వృథా కాలేదు. యాపిల్ మ్యాక్‌లు, ఐఫోన్ల పునాదిలో, ప్లేస్టేషన్ 4లో, సినిమాలు ఇళ్లకు చేరవేసే నెట్‌ఫ్లిక్స్ సర్వర్లలో బీఎస్‌డీ కోడ్ పని చేస్తోంది. ఇంత పెద్ద కంపెనీలు దానికి రూపాయి కట్టనక్కర్లేదు, తమ మార్పులను బయటపెట్టనక్కర్లేదు. రాసినవారి పేరు చెరపకుండా ఉంటే చాలు. బోస్టిక్ ఆనాడు మాటిచ్చింది అంతే.